చెల్లెలు తలుపు తడితే

పంటి కింద దారం కొస పట్టుకుని, రెండు చేతులతో పుస్తకం వెన్ను విప్పుతోంది ఆమె. ఎండిన జిగురు పొట్టులా రాలి ఒళ్లో పడుతోంది. అద్దె పుస్తకాల దుకాణం వెనక గది అది. బల్ల, స్టూలు, అట్టల్ని నొక్కిపెట్టే ఇనుప ప్రెస్సు, పైన ఒక కిటికీ. ఆమె చూపుడువేలు దబ్బనం పోట్లకు గట్టిపడి, వేడి గిన్నె పట్టుకున్నా చురుక్కుమనదు. ముందు గదికి వచ్చే పాఠకులు ఆమెను దారాలమ్మ అంటారు.

కుట్టీ కుట్టీ ఆమె కనిపెట్టిన సంగతి ఒకటుంది. నవలలు చివర చిరుగుతాయి, చరిత్ర పుస్తకాలు మొదట్లో మాసిపోతాయి. నవల పట్టుకెళ్లినవాళ్లు ఆత్రం ఆపుకోలేక చివరి పేజీలు పదేపదే తిరగేస్తారు. చరిత్ర పట్టుకెళ్లినవాళ్లు మహా ఉత్సాహంగా మొదలుపెట్టి, మొదటి రాజు గద్దెనెక్కేలోపే చేతులెత్తేస్తారు. అక్కణ్ణుంచి పేజీలు అచ్చయిన రోజు ఉన్నట్టే ఉంటాయి.

ఇవాళ ఆమె విప్పుతున్నది చిరిగిన పుస్తకం కాదు. తాను చేసిన తప్పుని విప్పుతోంది.

వానాకాలంలో దుకాణం కప్పు కారి పుస్తకాలు తడిశాయి. ఒక లావుపాటి నవలనీ, అదే సైజు చరిత్ర పుస్తకాన్నీ ఒకే రోజు విప్పి, పదహారేసి పేజీల మడతలైన ఫారాలుగా విడదీసి ఆరబెట్టింది. ఆ రోజే అత్తగారు పెరట్లో జారిపడి మంచం పట్టింది. చేతులు ఇక్కడ, ప్రాణం ఇంటి దగ్గర. గబగబా కుట్టేసి, అత్తగారికి కాలక్షేపంగా ఉంటుందని నవలని ఇంటికి పట్టుకెళ్లింది. చరిత్ర అలమరాకెక్కింది.

భర్త పోయాక ఇంట్లో మిగిలింది ఆ ఇద్దరే. రోజూ సాయంత్రం కాసిన్ని పేజీలు. ఇద్దరు అక్కచెల్లెళ్లు మాటామాటా అనుకుని విడిపోయిన కథ. అత్తగారు ఊరికే వినే మనిషి కాదు. రెండు వాక్యాలకొకసారి అడ్డం తగిలి, "అది ఎందుకలా అంది? దానికి బుద్ధుందా?" అని కోడల్ని నిలదీసేది, రాసింది కోడలే అన్నట్టు. ఒంట్లో ఓపిక తగ్గేకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. "ఈ కథ తేలేదాకా నన్ను పట్టుకెళ్లడానికి ఎవరొచ్చినా కాసేపు కూర్చోమను" అనేది.

నిన్న సాయంత్రం, అన్నేళ్ల తర్వాత చెల్లెలు వచ్చి అక్క తలుపు తట్టింది. పేజీ తిప్పితే ఒక సైన్యం ఏనుగులతో సహా నది దాటుతోంది.

"చెల్లెలు తలుపు తడితే ఇంత సైన్యం దిగిందేమిటే?" అంది అత్తగారు.

కోడలికి నవ్వొచ్చింది, వెంటనే పుస్తకం తిప్పి కుట్టు చూసుకుంది. చివరి ఫారం మారిపోయింది. అక్క తలుపు తీసిందో లేదో ఆ చరిత్ర పుస్తకంలో ఉంది.

పొద్దున్నే అలమరాలో వెతికితే దొరికింది. "ఇది చాలామందే తీసుకెళ్లారమ్మా. ఎవరూ ఏమీ అనలేదే!" అని దుకాణదారు ఆశ్చర్యపోయాడు. ఎవరంటారు? అంతదూరం వెళ్లినవాళ్లుంటే కదా.

దారం తెగింది. ఫారం చేతిలోకి వచ్చింది, నలగని పదహారు పేజీలు. ఆమె వాటిని చూస్తూ కూర్చుండిపోయింది. దొరకలేదని చెప్పొచ్చు. చెబితే ఆ ముసలిప్రాణం ఇంకొన్నాళ్లు పట్టుకుని వేలాడుతుందేమో. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. పక్కలు మార్చీ, దుప్పట్లు ఉతికీ, కంటి మీద కునుకు లేక ఒళ్లు హూనమైపోయింది. ఇది చదివేస్తే అయిపోతుంది కదా, అనుకుంది. అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఫారాన్నీ, చరిత్ర పుస్తకాన్నీ సంచిలో వేసుకుంది. రెండూ కుట్టి తెస్తానంది.

"తొందరేం లేదమ్మా, దానికోసం ఎవరూ కాచుక్కూర్చోలేదు" అన్నాడు దుకాణదారు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, జావ తాగించి, మూతి తుడిచి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"దొరికిందా?" అంది అత్తగారు కళ్లు తెరవకుండానే.

"దొరికిందత్తయ్యా."

మెల్లగా చదివింది. ఎంత మెల్లగా చదివినా పదహారు పేజీలే. అక్క తలుపు తీసింది. 'గాలి కొడుతోంది, లోపలికి రా' అంది. అక్కడితో కథ అయిపోయింది.

"ఇంతేనా?" అంది అత్తగారు. "దీనికోసమా నన్నిన్నాళ్లు బతికించావు?"

కోడలు నవ్వబోయింది. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తగారు కళ్లు తెరిచి ఆమెనీ, సంచినీ మార్చి మార్చి చూసింది.

"ఆ ఏనుగుల పుస్తకం తెచ్చావా?"

"తెచ్చాను. చాలా లావుందత్తయ్యా."

"ఉండనీ. మొదలుపెట్టు. వాళ్లు నది ఎందుకు దాటారో తెలియొద్దూ?"

కోడలు ముఖం తుడుచుకుని పుస్తకం తెరిచింది. ఎందరి వేళ్లో తగిలి మొదటి పేజీలు అంచుల్లో నల్లబడ్డాయి. ఒక రాజు, ఒక కోట, ఒక కరువు. అన్ని నెలల్లో మొదటిసారి ఆమెకు తొందరనిపించలేదు.

"ఆ రాజుకి పిల్లలెంతమందే?"

"ముందుందేమో."

"చూసి చెప్పు."

ఆకు తిప్పింది. చదువుతూ పోయింది. రాజుకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు తండ్రి మాట వినడు. ఇక్కడ అత్తగారు తప్పకుండా అడ్డం తగలాలి. కోడలు ఆగి, చూపు పేజీ మీదే ఉంచి ఎదురుచూసింది. ఇంకో వాక్యం చదివి మళ్లీ ఆగింది. ప్రశ్న రాలేదు.

చాలాసేపటికి తలెత్తింది. దుప్పటి గడ్డం దాకా సర్ది, ఆ కళ్లు రెండూ అరచేత్తో మూసింది. పక్కింటివాళ్లని పిలవడానికి లేచి వీధి తలుపు తీసింది.

స్టూలు మీద పుస్తకం ఉంది. నల్లబడిన పేజీల మధ్య, చదవడం ఆగినచోట, మైనం రాసిన తెల్లదారం ఒకటి బయటికి వేలాడుతోంది.