జూలై ఒకటి జంట

సుబ్బయ్య శెట్టీ నేనూ ఒకే రోజు పుట్టామని నంద్యాల చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. అబద్ధం. మేము ఎప్పుడు పుట్టామో మాకే తెలియదు. బండి ఆత్మకూరు దగ్గర మా ఊరి బడిలో చేరిన పొద్దున అయ్యవారు పుట్టిన తేదీ అడిగితే, పెద్దవాన పడిన ఏడు అన్నాడు మా నాయన. శెట్టి వాళ్ళ నాయన అంగడి వదిలి రానే లేదు. అయ్యవారు అందరికీ జూలై ఒకటి రాసేశారు. ఆ ఏడు చేరిన పద్దెనిమిది మందికీ అదే పుట్టినరోజు. మిగతా పదహారు మందిని చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. మేమిద్దరం పాటల్లోకి వెళ్ళాం గనక మాది దైవసంకల్పం అయింది.

ఆయన పాడేవాడు. నాది హార్మోనియం. అహోబిలం స్వామి మీద మేమే కట్టుకున్న పాటలతో బనగానపల్లె నుంచి కొలిమిగుండ్ల దాకా తిరిగాం. తర్వాత ఫోన్లు వచ్చాయి. మా పాటలు లక్షలమంది చూశారు. ఏటా జూలై ఒకటిన అభిమానులు నంద్యాలలో కచేరీ పెట్టి, వేదిక మీద మా ఇద్దరి చేతా కేకు కోయించేవాళ్ళు.

రెండేళ్ళ కిందటి జూలై ఒకటిన నా భార్య భారతమ్మ పోయింది.

పొద్దున్నుంచే ఆయాసంగా ఉందన్నది. కచేరీకి పోవద్దని అనలేదు. బేగా రమ్మన్నది. పక్కింటి వాణికి చూసుకోమని చెప్పి, మేముండే ఆళ్ళగడ్డలో నంద్యాల బస్సెక్కాను.

పాటలన్నీ నా ఫోనులో రాసి ఉండేవి. నా చేతులు హార్మోనియం మీద ఉంటాయి గనక, ఫోనును శబ్దం రాకుండా చేసి శెట్టి ముందు స్టాండు మీద పెట్టేవాణ్ణి. ఆయన చూసి పాడేవాడు. ఆ సాయంత్రం ఆరింటికి ఒక పొడుగు పాట ఎత్తుకున్నాం. అది నడుస్తుండగానే వాణి మూడుసార్లు ఫోన్ చేసింది. భారతమ్మ ఏడున్నరకు ఆసుపత్రిలో పోయింది. కచేరీ ఎనిమిదికి ముగిసింది. ఫోను చేతికి తీసుకున్నాక చూశాను.

మొదటి ఫోనుకే లేచి ఉంటే కారులో గంట దారి. బతికించేవాణ్ణి కాదు. పక్కన ఉండేవాణ్ణి.

ఫోన్ వస్తే తెర మీద పాట పోయి పేరు వస్తుంది. చూసి పాడేవాడికి అది కనపడక తప్పదు. వాణి ఎవరో శెట్టికి తెలుసు. భారతమ్మకు బాగాలేదని వేదిక ఎక్కేముందు నేనే చెప్పాను. అయినా వేలితో పక్కకు తోసి పాడాడు. అలాగని నేను తీర్మానించుకున్నాను. ఆ కచేరీ వీడియో ఎన్నిసార్లు చూశానో. లైట్లు కళ్ళద్దాల మీద పడి ఆయన కళ్ళు కనిపించవు.

దినాల రోజు శెట్టి వచ్చి గడపలో నిలబడి ఏదో చెప్పబోయాడు. తలుపు వేశాను. అప్పుడే అడిగి ఉండవచ్చు. కాదంటాడేమోనని అడగలేదు. ఆయన చూసి దాచి ఉంటే తప్పు ఆయనది. చూడకపోయి ఉంటే, ఆయాసపడుతున్న మనిషిని వదిలి బస్సెక్కిన నాది. తప్పు మోయడానికి మూడో మనిషి లేడు. ఆ తర్వాత ఆయన ఫోన్ చేసేవాడు, నేను తీసేవాణ్ణి కాదు.

ఈ ఫిబ్రవరిలో శెట్టికి పక్షవాతం వచ్చిందని విన్నాను. చూడ్డానికి పోలేదు. జూన్ ఆఖర్లో ఆయన కొడుకు ఓంప్రకాష్ ఫోన్ చేశాడు. ఈసారి కచేరీ లేదని, జూలై ఒకటిన ఇంట్లోనే పదిమంది అభిమానులు చేరుతున్నారని, వచ్చి కూర్చుంటే చాలని బతిమాలాడు. వస్తానన్నాను. ఆయన పోయేలోగా ఆ ఒక్క మాట అడగాలి. కనపడిందా, లేదా. అది తెలియక రెండేళ్ళుగా భారతమ్మ ఫొటో వైపు సరిగ్గా చూడలేకపోతున్నాను.

నంద్యాలలో వాళ్ళ అంగడి పైనే ఇల్లు. ఓంప్రకాష్ మెట్ల దగ్గరే ఆపాడు.

"మామా, ముందే చెప్తాండా. నాయనకు మాట పాయ. అన్నిటికీ ఊ అంటాడు. తిన్నావా అంటే ఊ. తిన్లేదా అంటే ఊ."

"మనుషుల్ని గుర్తుపడ్తాడా?"

"పడ్తాడంటాడు డాక్టరు. మొన్న నన్ను జూసి ఏడిసినాడు. గ్యాసు బండ తెచ్చినోన్ని జూసి గూడా ఏడిసినాడు. ఏం జెప్పేది?"

ఐదు నిమిషాలు మమ్మల్ని వదిలెయ్యమన్నాను. హాల్లో అభిమానులు బెలూన్లు కడుతున్నారు. నేను లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాను.

శెట్టి దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నోరు ఒక పక్కకు పోయింది. కొత్త చొక్కా తొడిగి గుండీలు ఒకటి తప్పించి పెట్టారు.

"శెట్టీ, నేను ఓబులేసును."

"ఊ."

"ఆ పొద్దు వాణి ఫోన్ జేసింది. పేరు నీకు కనపడిందా?"

"ఊ."

ఆ మాట కోసమే వచ్చాను. కానీ కొడుకు చెప్పింది చెవిలో ఉంది. తిప్పి అడిగాను.

"కనపళ్ళేదా?"

"ఊ."

ఆయన ఎడమ చెయ్యి బాగానే ఉంది. నా చెయ్యి అందించాను. కనపడి ఉంటే పట్టుకో, లేకుంటే వదిలెయ్ అన్నాను. పట్టుకున్నాడు. కనపళ్ళేదంటే వదులు అని మళ్ళీ అన్నాను. వదల్లేదు. ఆ పట్టు జవాబో, ఉత్త పట్టో తెలియలేదు.

"ఆడ అది ఊపిరాడక కొట్టుకుంటాంటే, ఈడ మనం పాడుకుంటాండాము. చూసినావా లేదా, అదొక్కటి చెప్పు. నేనేమీ అననులే."

ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చాయి. నాకు గ్యాసు బండవాడు గుర్తొచ్చాడు.

అప్పుడు శెట్టి కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రం ఆరింటికి పాడిన పాటే. ఊ తప్ప పలకని నోటిలోంచి మాటలు ఒక్కొక్కటీ పూర్తిగా వస్తున్నాయి. అలాంటివాళ్ళకు మాట పోయినా పాట ఉంటుందట, తర్వాత ఎవరో చెప్పారు. ఆ పాటకు ఆరు చరణాలు. మూడో చరణం చూడకుండా ఆయనకు రాదని నేను నలుగురిలో ఎగతాళి చేసేవాణ్ణి. మూడోదీ పాడాడు. నాలుగోదీ పాడాడు. ముందు స్టాండు లేదు. ఫోను నా జేబులో ఉంది.

అంటే ఆయనకు పాటంతా నోటికి వచ్చు. ఆ సాయంత్రం కూడా ఇలాగే కళ్ళు మూసుకుని పాడి ఉండవచ్చు. వాణి పేరు ఆయన ముందే మూడుసార్లు వచ్చి, ఆయన చూడకుండానే పోయి ఉండవచ్చు. చూసి కూడా ఉండవచ్చు. రెండేళ్ళుగా నేను పట్టుకుని ఉన్న ఒక్క సాక్ష్యమూ పోయింది. దాని బదులు ఏమీ రాలేదు.

తలుపు తెరుచుకుంది. అందరూ ఫోన్లు పైకెత్తి లోపలికి వచ్చారు. ఒకే పొద్దు పుట్టించిన దేవుడే మళ్ళీ కలిపాడని ఎవరో అన్నారు. ఓంప్రకాష్ ఏడుస్తున్నాడు.

"ఐదు నెల్లకు నాయన నోట్లో మాటలు ఇన్యా. ఏమడిగినావు మామా?"

"ఏమీ అడగల్యా."

లేవబోయాను. శెట్టి నా చెయ్యి వదల్లేదు. అంతమంది చూస్తుండగా పక్షవాతం మనిషి చెయ్యి విదిలించుకుని పోలేక కూర్చున్నాను. ఆయన ఆరు చరణాలూ పూర్తి చేసి, మొదటికి వచ్చి మళ్ళీ ఎత్తుకున్నాడు. అందరూ చప్పట్లు తాళంగా కొట్టారు.

కేకు తెచ్చి మంచం మీదే పెట్టారు. దాని మీద మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. పట్టుకుని ఉన్న మా చేతుల్లోకే ఎవరో కత్తి దూర్చి, పైనుంచి తమ చెయ్యి వేసి, కేకు కోయించారు.