చిన్నోడి వాటా చుక్కాని

నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక, మనవరాలి పక్కన కూర్చుని. ఒత్తులు తప్పితే మన్నించండి. చెయ్యి మెల్లగా నడుస్తుంది. కథ మాత్రం పూర్తిగా చెబుతాను.

తండ్రి పోయే ముందు కొడుకులిద్దరికీ ఇల్లు నిలువునా పంచాడు, గిన్నెలు పంచాడు. ఉన్న ఒక్క తెరచాప పడవను ఎలా పంచాలో తెలియక, పడవ పెద్దోడికి, దాని చుక్కాని చిన్నోడికి అన్నాడు. ఒకడు లేకుండా ఇంకొకడు నీళ్ళ మీదికి పోలేడని ఆయన ఎత్తు. ఎత్తు పారింది. ఇరవై రెండేళ్ళు అన్న తెరచాప తాడు పట్టుకున్నాడు, తమ్ముడు వెనక కూర్చుని చుక్కాని పట్టుకున్నాడు. అవతలి గట్టుకు సామాన్లు చేరవేస్తూ దారి పొడవునా పోట్లాడుకున్నారు.

చుక్కాని మనిషిలాగే అరిగిపోయింది. పలక కింది అంచు ఎలుకలు కొరికిన రొట్టెలా తయారైంది. కొక్కేలు దూరే బెజ్జాలు వదులై, పిడి ఇటు తిప్పితే పలక కాసేపు ఆలోచించుకుని అప్పుడు తిరిగేది. ఒకనాడు అలా ఆలోచించేలోపే పడవ వెళ్ళి రేవు ఆఫీసు మెట్లను గుద్దింది. మెట్ల మీద కూర్చున్న గుమాస్తా టీ మొత్తం ఆయన ఒళ్ళోకే వెళ్ళింది.

కొత్త చుక్కాని తనే చేయిస్తానని అన్న అక్కడికక్కడే అన్నాడు. చిన్నోడు మనసులో లెక్క వేసుకున్నాడు. అన్న చేయిస్తే అది అన్నదే. అన్నదైతే దాని వెనక ఎవరైనా కూర్చోవచ్చు. ఎవరైనా అంటే ఎవరో కాదు, అన్న బావమరిది. ఆ పెద్దమనిషి అప్పటికే పడవ నడిపేవాళ్ళ టోపీ ఒకటి పెట్టుకుని రేవులో తిరుగుతున్నాడు.

ఈ సంగతేదో అన్ననే అడిగెయ్యమని పెళ్ళాం చెప్పింది.

"అడిగితే, నువ్వు అక్కర్లేదంటే?" అన్నాడు చిన్నోడు. ఆ పూట అన్నం కూడా సగమే తిన్నాడు.

మర్నాడు చుక్కానిని భుజాన వేసుకుని వడ్రంగి దగ్గరికి పోయాడు. కొత్తది వద్దు, నాన్న ఇచ్చినదాన్నే బాగుచెయ్యమని బతిమాలాడు. వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో బాగున్నదేదో నువ్వే చూపించు. మిగతాది నేను బాగుచేస్తా."

ముందు కింది భాగం కోసి కొత్త చెక్క అతికాడు. ఆ చెక్క బరువుకు పైభాగం చీలింది. అదీ మార్చాడు. కొత్త పలకకు పాత పిడి పట్టలేదు. అదీ మారింది. నాలుగో రోజుకు పాతదంటూ ఏమీ మిగల్లేదు. చిన్నోడు ఏడుపు మొహం పెడితే వడ్రంగి జాలిపడి, కొత్త పలక పైభాగంలో ఉలితో గుంట తీసి, పాత చెక్క ముక్క ఒకటి అందులో కూర్చి రెండు రాగి మేకులు కొట్టాడు.

"ఇదిగో, మీ నాన్న ఇక్కడున్నాడు. తడవకుండా చూసుకో," అన్నాడు.

రేవులో బావమరిది చుక్కాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇది కొత్తదే బావా. పాతది అరచెయ్యంత కూడా లేదు."

చిన్నోడు ముక్క మీద చెయ్యి ఆనించి చూపించాడు. సరిగ్గా అరచెయ్యంత ఉంది. పెద్దోడు వేలితో ముక్కను తట్టి చూశాడు. ముందు నీళ్ళలో ఎలా పోతుందో చూద్దామన్నాడు.

పాత అలవాటు కొద్దీ చిన్నోడు పిడిని గట్టిగా తోస్తే కొత్త చుక్కాని చెప్పినంతా వినేసింది. పడవ తాగినవాడిలా వంకర్లు పోయింది. అన్న తిట్టాడు, తమ్ముడు తిరిగి తిట్టాడు. అవతలి గట్టు చేరేసరికి చెయ్యి కుదిరింది. తిరుగు ప్రయాణం దారం పట్టినట్టు సాగింది.

తెరచాప దించి మెట్ల వైపు మెల్లగా జరుగుతుండగా, టప్పుమని ముక్క ఊడి నీళ్ళలో పడింది.  చిన్నోడు గబుక్కున తువ్వాలు గుంట మీద కప్పి, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూశాడు. ముక్క మాత్రం తేలుకుంటూ నేరుగా అన్న వైపే పోయింది.

అన్న వంగి దాన్ని తీశాడు. నీళ్ళు విదిలించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మెట్ల మీద బావమరిది కాచుకుని ఉన్నాడు. పాత ముక్క ఉందా ఊడిందా అని అడిగాడు.

"ఉంది," అన్నాడు పెద్దోడు. జేబు కిందనుంచి పొట్ట మీదికి నీళ్ళు కారుతున్నాయి.

మెట్లెక్కుతూ వెనక్కి చూడకుండానే తమ్ముడితో అన్నాడు.

"రేపు ఆరింటికల్లా రా. ఆలస్యం చేశావంటే ఊరుకోను. నాకు చుక్కాని పట్టడం రాదు."

ఇట్లు,
అందరూ గట్టు పిన్ని అనే నేను. అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది చిన్నకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో.