స్టోర్ గదిలో కాటా

ప్రతి ఏడూ వానలు తగ్గాక ఆ కంటి ఆసుపత్రి నుంచి ఒక బృందం దూరదేశం వెళ్లి, నెల్లాళ్లు ఉచితంగా ఆపరేషన్లు చేసి వస్తుంది. సామాను సర్దే పని పెద్ద సిస్టర్‌ది. గుడ్డలు ఉడకబెట్టించడంలో, మడతపెట్టి పెట్టెల్లోకి ఎక్కించడంలో ఆవిడకి ఆవిడే సాటి. ఎనిమిదిసార్లు సర్దింది. ఒక్కసారైనా ఎవరూ "మీరూ రండి" అనలేదు. ఈసారి సిగ్గు విడిచి అర్జీ పెట్టుకుంది. "మూడు నెలల్లో రిటైరవుతారు, ఎందుకు సిస్టర్ ఈ శ్రమ?" అని పెద్ద డాక్టర్ నవ్వుతూనే పక్కన పెట్టేశారు. ఆ నవ్వు ఆవిడకి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

స్టోర్ గదిలో ఒక కాటా ఉంది. వెళ్లే చోట నిజంగా కావలసినది దాని మీద తూగదు. డాబుకి పెట్టుకున్నది మాత్రం గుండురాయిలా తూగుతుంది. చుక్కల మందు డబ్బాలు ఇరవై పెట్టినా ముల్లు కదలదు. పోయినేడు ఒక డాక్టరుగారి టై నలభై కిలోలు తూగితే, ఆయన కిక్కురుమనకుండా బీరువాలో పెట్టేసుకున్నారు. విమానం వాళ్లు కూడా ఈ గదిలో రాసిన చీటీనే ఒప్పుకుంటారు.

పెద్ద పెట్టెలు కాటా మీద నిలవవు. అందుకని పెట్టె ఎత్తుకుని సిస్టర్ ఎక్కుతుంది. వచ్చిన అంకెలోంచి ఆవిడ బరువు అరవై రెండు తీసేసి ఫార్మసిస్టు రాసుకుంటాడు. ఎనిమిదేళ్లుగా ఇదే లెక్క.

ఆ పొద్దున గ్లౌజుల పెట్టెతో ఎక్కింది.

"మైనస్ అరవై రెండు," అన్నాడు ఫార్మసిస్టు.

"లెక్కలు ఎక్కడ నేర్చుకున్నావు నాయనా?"

"మీరే చూడండి సిస్టర్. ముల్లు సున్నా మీదుంది. పెట్టె దించేసి ఎక్కండి ఓసారి."

ఉత్త చేతులతో ఎక్కింది. ముల్లు కదల్లేదు. ఎక్కడో, కట్టు కట్టిన కళ్లతో ఎవరో తన చెయ్యి కోసం తడుముకుంటున్నట్టనిపించింది. దిగితే ఆ చెయ్యి జారిపోతుందేమోనని భయమేసి అలాగే నిలబడింది.

ఫార్మసిస్టు పరుగున వెళ్లి పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చాడు. వెనకాలే ఆయన మేనల్లుడు కూడా వచ్చాడు. బృందంలో చివరి సీటు అతనిదే, ఫొటోలు తీయడానికి. డాక్టర్ ముల్లు వంక చూశారు, మేనల్లుడి వంక చూశారు.

"సిస్టర్, ఒక్క నిమిషం దిగండి. నువ్వెక్కరా."

మేనల్లుడు ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగి నూట తొంభై దగ్గర ఆగింది.

"మామయ్యా, పొద్దున్నుంచి నేనేమీ తినలేదు!"

ఎవరూ నవ్వలేదు. డాక్టర్ జేబులోంచి పేర్ల జాబితా తీసి, ఒక పేరు కొట్టేశారు. సిస్టర్ మొహం చూడలేక కాగితం వైపే చూస్తూ అడిగారు.

"పాస్‌పోర్ట్ ఉందా సిస్టర్?"

"ఉంది సార్. మొదటిసారి పెట్టెలు సర్దినప్పుడే తీయించుకున్నాను," అంది ఆవిడ. "ఇంతవరకూ ఒక్క ముద్రా పడలేదు."

ఆ మాట అంటూనే ఏడ్చేసింది.