దాహం వేయనివాళ్ళు తవ్విన దొరువు

మైపాడు ఇసుకలో సరుగుడు నాటతానంటే మా ఆయన మౌలా నవ్వాడు. అత్తరు సీసాలు పెట్టుకొని ఊరూరా తిరిగే మనిషికి చెట్టంటే కాసేపు కూర్చునే నీడ, అంతే. నేను మాత్రం మొండిగా నాటాను. వానాకాలంలో పెట్టిన మొక్కలు మోకాలెత్తు ఎదిగాయి. మొదటి వేసవి గట్టెక్కితే చాలు, ఆ తర్వాత సరుగుడు తన నీళ్ళు తనే చూసుకుంటుంది. ఆ మొదటి వేసవిలోనే, అరవై నాలుగులో, నాకు నీళ్ళు లేకుండా పోయాయి.

మా తీరంలో నీళ్ళంటే దొరువు. ఇసుకలో పెద్ద గుంట తవ్వితే అందులో ఊరే వాననీరే దొరువు నీరు. అది పైపైనే తియ్యగా ఉంటుంది. దాని అడుగున సముద్రపు ఉప్పు కాచుకొని కూర్చుంటుంది. అంతకుముందు వచ్చిన గాలివాన నా దొరువును ఇసుకతో కప్పేసి నేలమట్టం చేసింది. మళ్ళీ తవ్వుదామంటే పార పట్టేవాళ్ళందరూ కొడవలూరు వైపు వరికోతలకు పోయారు. మొక్కలు పసుపు తిరుగుతుంటే నాకు అన్నం సయించలేదు. ఆ కోపమంతా ఇంటికి ఎవరొస్తే వాళ్ళ మీద తీర్చుకున్నాను.

అలా తిట్లు తిన్నవాళ్ళలో నా తమ్ముడు సైదావలి ఒకడు. వాడు నెల్లూరులో ఇనప పని చేస్తాడు. తిట్లన్నీ ఓపిగ్గా విని చివర్న నోరు విప్పాడు.

"అక్కా, మనుషులు దొరక్కపోతే మిషను దెస్తా. ఒక కంట్రాక్టరు దొడ్లో పాత స్క్రేపరు పడుండాది. యుద్ధం రోజుల్లో యిమానాలు దిగే మైదానం సదును జేసిందంట."

తెచ్చిందాకా నేను నమ్మలేదు. చక్రాల మీద ఒక ఇనప తొట్టి, దాని మూతికి కత్తిలాంటి అంచు, వెనక ఒక తాడు. ఒంటినిండా తుప్పు. ముందు నుంచి ట్రాక్టరు లాగుతుంటే మూతి దించి ఇసుకను గోకి కడుపు నింపుకుంటుంది. తాడు లాగితే పల్టీ కొట్టి అంతా కక్కేస్తుంది. దాన్ని లాగడానికి కొడవలూరు హెబ్రోను తన ట్రాక్టరుతో వచ్చాడు. ఆ ట్రాక్టరు కొని నెల కూడా కాలేదు. ఎర్రగా, తళతళలాడుతూ, బానెట్టు మీద వాడిన పూలదండ ఇంకా అలాగే ఉంది. రెంటినీ గొలుసుతో జతచేస్తుంటే ముత్యాలయ్య తాత పగలబడి నవ్వాడు.

"కొత్త పెళ్ళికొడుక్కి ముసిలిదాన్ని గట్టినారే. కాపరం జేస్తదా ఇది?"

ముత్యాలయ్య తన వయసులో ఊరి దొరువులన్నీ తవ్విన మనిషి. ఇప్పుడు పార పట్టలేడు గాని సలహాలకు కొదవ లేదు.

కాపురం బ్రహ్మాండంగా చేసింది. హెబ్రోను ట్రాక్టరు తోలుతుంటే సైదావలి తాడు పట్టుకొని వెనక పరుగెత్తాడు. పదిమంది పూటంతా తవ్వే ఇసుకను ఆ ముసలిది పొగాకు చుట్ట కాల్చినంతసేపట్లో అవతల పారేసింది. ఊరంతా తాటిచెట్ల నీడన కూర్చొని తిరునాళ్ళలా చూసింది. నేను కుండలకొద్దీ మజ్జిగ పోశాను. కక్కిన ఇసుకను జనం గంపలతో ఎత్తుకుపోయి తమ వాకిళ్ళలో పల్లాలు పూడ్చుకున్నారు. అడుగున తడి కనబడింది. అక్కడ ఆపాల్సింది. కాని చూసేవాళ్ళకు చూడముచ్చటగా ఉంటే ఎవరాపుతారు? "ఇంకొక తొట్టి", "ఇంకొక్కటే" అని అందరం అరిచాము. చివరికి ట్రాక్టరు వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయి. చేపల వాళ్ళు వల తాళ్ళు తెచ్చి, పాట పాడుకుంటూ, వల లాగినట్టే దాన్ని ఒడ్డుకు లాగారు. అంత మంచి రోజు నేను ఎరగను.

తెల్లారి కడవ తీసుకొని పోయాను. దొరువు నిండా నీళ్ళు. దోసిలి పట్టి నోట్లో పోసుకుంటే ఉప్పు. పచ్చి ఉప్పు.

అక్కడే చతికిలబడి ఏడ్చాను. దాచడం దేనికి, శోకాలు పెట్టాను. ముత్యాలయ్య వచ్చి తనూ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"చేత్తో తవ్వేటప్పుడు దప్పికయితది గదమ్మా. గుంటలో నీళ్ళే తాగతాం. తాగతా తవ్వతాం, తవ్వతా తాగతాం. నాలిక్కి ఉప్పు తగలంగానే పార గట్టునేస్తాం. నిన్న ఎవురికి దప్పికయింది చెప్పు?"

ఎవరికీ కాలేదు. గుంటలో దిగింది ఇనుము. గట్టున కూర్చున్న మా అందరి కడుపుల్లో మజ్జిగ. ఇన్ని తరాలుగా మా దొరువులకు కొలబద్ద మనిషి దాహమేనని అంతవరకు ఎవరికీ తట్టలేదు, తవ్విన ముత్యాలయ్యకు కూడా.

గుంటను అలాగే వదిలితే చుట్టుపక్కల నీరు కూడా చెడుతుందన్నాడు. పూడ్చాలి. ఇసుకేమో ఊళ్ళో అందరి వాకిళ్ళలో సర్దుకొని కూర్చుంది. పోసిన వాకిలి ఎవరు తవ్వనిస్తారు? "పక్కన గోకి ఇందులో పోసేద్దాం లేక్కా" అన్నాడు సైదావలి. ఒక గుంట పూడ్చడానికి ఇంకో గుంట. మా ఇంటి తెలివి అలాగే ఏడుస్తుంది.

ఆ రోజు చూడటానికి ఎవరూ రాలేదు. నేను కోపంతో మజ్జిగ చేయలేదు. హెబ్రోనుకు ట్రాక్టరు మళ్ళీ దిగబడుతుందని భయం.

"ఈసారి బురదలో దించితే మా ఇంటిది జయశీల నన్ను గడప తొక్కనీదు" అంటూ కత్తిని పైపైనే ఆనించి, తోట పొడుగునా పోతూ వస్తూ, సన్నగా చెక్కుతూ ఇసుక తెచ్చి గుంటలో పోశాడు. ఎండ మాడిపోతోంది. గుంట పూడేసరికి పొద్దు వాలింది. పక్కన తోట పొడుగునా కాలువలాంటి పల్లం ఏర్పడింది. అందులో చక్రాల జాడల్లో నీళ్ళు ఊరుతున్నాయి.

హెబ్రోను ఇంజను ఆపి దిగాడు. మొహం నిండా ఇసుక, పెదాలు ఎండిపోయాయి. ఎవరినీ అడగలేదు, ఏమీ ఆలోచించలేదు. ఆ జాడ పక్కన మోకాళ్ళ మీద కూర్చొని దోసిలితో తాగాడు. మళ్ళీ తాగాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఉమ్మలేదు. మూడోసారి వంగేసరికి ఆగలేక అడిగాను.

"హెబ్రోనూ, ఎట్టుండాయి?"

"ఏందక్కా?"

"నీళ్ళయ్యా, నీళ్ళు."

అతను దోసిలి వంక అప్పుడే చూస్తున్నట్టు చూసుకున్నాడు. "తియ్యంగనే ఉండాయే" అన్నాడు.

చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా నేను ఆ పల్లంలోకి దిగి తాగాను. ఇసుకతో కలిసి పళ్ళ కింద కరకరలాడినా కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ముత్యాలయ్య కబురు విని కర్ర ఊనుకుంటూ వచ్చి రుచి చూసి తల ఊపాడు.

"ఆ ముసిలిది గుండ్రంగా, లోతుగా తవ్వేది గాదు. పొడుగ్గా, పైపైన గోకేది. దానికి మన దొరువు నేర్పబోయినాం, తప్పు మనదే" అన్నాడు. ఆ మనిషి తప్పు ఒప్పుకోవడం ఊరు అదే మొదటిసారి విన్నది.

నేను కడవ కోసం ఇంటికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి ఊరి ఆడవాళ్ళందరూ బిందెలతో పల్లం దగ్గర బారు తీరి ఉన్నారు. తియ్యటి నీళ్ళంటే మా వైపు మాటలు కాదు. నిన్న ఇసుక ఎత్తుకుపోయారు, ఇవాళ నీళ్ళు. నాకు ఒళ్ళు మండింది. నా నీళ్ళ దగ్గర నేనే అందరికంటే వెనక నిలబడాలా? నోరు తెరవబోయాను.

అందరికంటే ముందున్నది ముత్యాలయ్య పెళ్ళాం కామాక్షమ్మ. బిందె నింపి చంకనెత్తుకుంది. ఊరి వైపు తిరగలేదు. నేరుగా నా తోటలోకి నడిచి, మొదటి మొక్క పాదులో బిందె వంచింది. ఆమె వెనకాల రెండో ఆమె, ఆ వెనక మూడో ఆమె. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. మొక్క మొక్కకూ ఒక బిందె పోసి, తిరిగొచ్చి, ఆ తర్వాతే ఇంటికి ముంచుకున్నారు.

చీకటి పడేవేళకు తోటంతా తడిసింది. నేను మాత్రం ఖాళీ కడవతో, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంకా బారులోనే ఉన్నాను.