పాప నేర్చుకున్న ప్రార్థన

"నీ చేతిలో పడితే ఏ పనీ ఓ పట్టాన తెమలదు కదే" అంది అత్తగారు, మంచం మీంచి కాళ్లు దించకుండానే. అప్పటికి కోడలు ఆఫీసు నుంచి వచ్చి, వంట దించి, గిన్నెలు తోమి, మర్నాటికి అందరి బట్టలూ ఇస్త్రీ చేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటోంది. తెమలనిదేమిటో అడగాలని ఆమెకు తోచలేదు. పెళ్లయిన కొత్తలో తోచేది. అప్పుడు భర్త నవ్వుతూ, "నీకు బుర్ర తక్కువ, నోరెక్కువ" అనేవాడు. నోరు తగ్గించుకుంది. బుర్ర తక్కువన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

రోజూ వింటే అబద్ధమైనా సొంత పేరులా అనిపిస్తుంది కాబోలు. ఆఫీసులో మేనేజరు "పని బాగా చేశారమ్మా" అంటే, "ఏదో అలా కుదిరిపోయిందండీ" అని తప్పు చేసినదానిలా తలవంచుకుంటుంది. ఆయన మెచ్చుకోలుగా మరో రెండు ఫైళ్లు ఆమె బల్ల మీద పడేసి పోతాడు. గాడిద చాకిరీకి అంతకన్నా పెద్ద సన్మానం ఎక్కడుంటుంది లెండి!

ఆమె మనసు విప్పుకునేది సాయంత్రం కుటుంబ ప్రార్థనలోనే. అందరూ చాప మీద మోకరిస్తారు. చిన్నవాళ్లు ముందు, పెద్దవాళ్లు తరవాత, ఒక్కొక్కరూ పైకే ప్రార్థన చేయాలి. ఆమెది ఎప్పుడూ ఒకటే మొదలు: "ప్రభువా, ఎందుకూ పనికిరానిదాన్ని..." పాస్టరుగారి భార్య ఒకసారి విని, "ఎంత తగ్గింపు మనసమ్మా నీది!" అని మెచ్చుకుంది కూడా. ఇంట్లో పడ్డ మాటల్నే మోసుకెళ్లి దేవుడి ముందు పెడుతున్నానని ఆమెకు తెలియలేదు. అదే భక్తి అనుకుంది.

ఆ సాయంత్రం, రెండో తరగతి చదివే కూతురు మొదటిసారి సొంతంగా ప్రార్థన చేస్తానంది. కళ్లు గట్టిగా మూసుకుని, తల్లి గొంతులోని దిగులుతో సహా అప్పజెప్పింది.

"ప్రభువా, నేను ఎందుకూ పనికిరానిదాన్ని. నాకు బుర్ర లేదు. నా చేతిలో ఏ పనీ తెమలదు. అయినా నన్ను భరించు."

"ఆమేన్! అచ్చం తల్లి పోలికే" అని మురిసిపోయింది అత్తగారు. భర్త కూడా నవ్వాడు.

ఎవరు నేర్పారే నీకీ మాటలు అని అడిగే ముఖం ఆమెకెక్కడిది? నలుగురూ ఒకే చాప మీద ఉన్నా, ఇంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు. దేవుడు తాను చేసినదంతా చూసి బాగుందనుకున్నాడని మొన్న ఆదివారం తనే పాపకు బైబిల్లోంచి చదివి వినిపించింది. ఆ అంతాలో పాప ఉంది, అనుమానమే లేదు. మరి పాప ఉంటే, పాపను కన్నది లేకుండా ఎక్కడికి పోతుంది?

ఆమె వంతు వచ్చింది. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ప్రభువా, నా బిడ్డను చక్కగా చేశావు. నన్నూ చక్కగానే చేశావు. ఇన్నాళ్లూ నీవి కాని మాటలు నీకే అప్పజెప్పాను. క్షమించు."

ఎవరూ ఆమేన్ అనలేదు.

"ఇదేం ప్రార్థనే? ఇంత గర్వమా?" అంది అత్తగారు.

"మళ్లీ నోరు లేచింది" అన్నాడు భర్త.

ఆమె పాపను ఒళ్లోకి లాక్కుంది.

"గర్వం కాదత్తయ్యా. దేవుడు చేసినదానికి మీరు వంకలు పెడుతుంటే, ఇన్నాళ్లూ నేనూ మీతో కలిశాను. ఇక కలవను."