ఏడాది పుస్తకంలో నలభై ఒక్కరు

నవంబరు చివరి వారం వచ్చిందంటే మూడో అంతస్తులోని ఆ గదిలో తలెత్తే తీరిక ఉండదు. ప్రభుత్వం ఏటా వేసే వార్షిక గ్రంథం అక్కడే తయారవుతుంది. జనం నోట్లో అది ఏడాది పుస్తకం. ముందు సగంలో ఆ ఏడు దేశంలో జరిగిన విశేషాలుంటాయి. వెనక సగంలో ఆ ఏడు పోయిన ప్రముఖులుంటారు. ఎంతటివాళ్లకైనా మూడే పంక్తులు.

ఆ గదిలో పనిచేసేది ముగ్గురు. రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న అధికారిని అందరూ పెద్దాయన అంటారు. ఫైళ్లు మోసే బంట్రోతు ఉన్నాడు. మూడో మనిషి ప్రూఫులు దిద్దే ఆవిడ. ఇరవై రెండేళ్లుగా ఎర్రసిరా పెన్నుతో అచ్చుతప్పులు ఏరుతోంది కాబట్టి అచ్చుతప్పులమ్మ అని పేరు పడిపోయింది. ఆవిడా ఏమీ అనుకోదు.

డిసెంబరు మొదటి సోమవారం నుంచి పోయినవాళ్లు వస్తారు. ఎవరి మూడు పంక్తులు వాళ్లు చదువుకుని, సరిగ్గా ఉంటే కింద సంతకం పెట్టి వెళ్లిపోతారు. బంట్రోతు వరండాలో బెంచీలు వేసి వరసగా పేర్లు పిలుస్తాడు. వాళ్లు కాఫీ తాగరు, లిఫ్టు ఎక్కరు, ఆ మేడ దాటితే ఎవరి కంటికీ కనబడరు. అంతకు మించి మనకీ వాళ్లకీ తేడా కనిపించదు. ఆఫీసు నియమం ప్రకారం వాళ్లని అడగాల్సింది ఒక్కటే మాట: "సరిగ్గా ఉందాండీ?" ఒకసారి సంతకం పడిందా, ఆ కాగితం మీద చుక్క మార్చే అధికారం మంత్రికి కూడా లేదు. ఆ సంతకాన్ని కోర్టులు సైతం కాదనవు.

ఆ ఏడు విశేషాలకు కొదవ లేదు. మార్చిలో ప్రధానమంత్రి ఎవరితో ఒక్క ముక్క చెప్పకుండా రాజీనామా చేసి చేపలు పట్టుకోవడానికి వెళ్లిపోయాడు. మేలో జాతీయ జట్టు మొదటిసారి కప్పు గెలిస్తే జనం మూడు రోజులు నిద్రపోలేదు. జూన్‌లో భూమి కంపించి గ్రంథాలయం గోడ కూలింది. పోయినవాళ్లలో మహా గాయని ఒకావిడ, మొక్కల శాస్త్రవేత్త ఒకాయన, ఇద్దరు మాజీ మంత్రులు ఉన్నారు.

ఆగస్టు విశేషం ఒకే ఒక్క వాక్యం: "సిగ్నల్ ఉద్యోగి పొరపాటు వల్ల ప్యాసింజరు రైలు, ఆగి ఉన్న గూడ్సును గుద్దుకొని నలభై ఒక్కమంది మరణించారు."

ఆ సిగ్నల్ ఉద్యోగి అచ్చుతప్పులమ్మకు సొంత తమ్ముడు.

తాను ఎర్ర దీపమే వేశానని అతను మొదటి రోజు నుంచీ చెబుతున్నాడు. క్యాబిన్‌లో మీట లాగితే దూరంగా మలుపు అవతల స్తంభం మీద దీపం మారుతుంది. అది క్యాబిన్‌లోంచి కనబడదు. ప్రమాదంలో ఆ స్తంభం పెట్టెల కింద పడి నుజ్జయిపోయింది. దీపాన్ని చూసిన మనిషి డ్రైవరు ఒక్కడే. అతనూ పోయాడు. ఎర్ర దీపం చూసి ఏ డ్రైవరైనా ఆపకుండా ఉంటాడా అంది విచారణ సంఘం. ఉండడు కదా. కాబట్టి తమ్ముడు పచ్చ దీపమే వేశాడని తేల్చేసి జైల్లో పెట్టారు. తీర్పు జనవరిలో.

నవంబరులో ఆవిడ చూడటానికి వెళ్తే కటకటాల అవతల తమ్ముడు సగమైపోయి ఉన్నాడు.

"అక్కా, ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది. అందరూ పచ్చ అంటున్నారు. పచ్చే వేశానేమో."

"నోర్ముయ్‌రా," అంది ఆవిడ.

తిరిగొస్తూ బస్సులో ఒక ఆలోచన వచ్చింది. మర్నాడు పెద్దాయన ఎదుట నిలబడింది.

"ఈసారి వెనక సగంలో ఒక పేరు చేర్చాలండీ. ఆగస్టులో పోయిన రైలు డ్రైవరుది."

పెద్దాయన కళ్లజోడు తీశాడు. "డ్రైవరు ప్రముఖుడెలా అవుతాడమ్మా?"

"కాడండీ. కానీ పేరు వేస్తేనే వస్తాడు. వస్తేనే చెబుతాడు."

"మీ తమ్ముడి కోసం అడుగుతున్నావా?"

"అవునండీ."

అబద్ధం ఆడుతుందేమోనని చూసినట్టున్నాడు. ఆడకపోయేసరికి కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "ఒక్కడినే వేస్తే అతనే ఎందుకని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. వేస్తే నలభై ఒక్కరినీ వెయ్యాలి. అప్పుడు నా దగ్గర జవాబుంది."

"అందరినా?"

"ఇన్నేళ్లు అంకె వేసి ఊరుకున్నాం. ఎప్పుడూ మనసు ఒప్పలేదులే. పోయి పేర్లు పట్టుకురా. ఎవరేం చేసేవాళ్లో కనుక్కో. మూడు పంక్తులకి తక్కువ కాకూడదు."

పది రోజులు బంట్రోతూ ఆవిడా ఇల్లిల్లూ తిరిగారు. ఒకామె గుండీలు కుట్టేది. ఒకాయన ముప్ఫై ఏళ్లు ఒకే బడిలో గంట కొట్టాడు. పెళ్లయి ఎనిమిది రోజులైన జంట ఒకటి. మూడు పంక్తుల్లో పట్టని మనిషి ఒక్కరూ లేరు, మూడు పంక్తులతో సరిపోయిన మనిషీ ఒక్కరూ లేరు.

డిసెంబరు మొదటి సోమవారం గాయని వచ్చింది. పుట్టిన సంవత్సరం రెండేళ్లు ముందుకు జరపమని బతిమాలి, కుదరదంటే నవ్వేసి సంతకం పెట్టింది. మాజీ మంత్రి నాలుగో పంక్తి కోసం గొడవపడ్డాడు. మొక్కల శాస్త్రవేత్త ఒక పువ్వు పేరులో దీర్ఘం తప్పిందని చూపించి, దిద్దేదాకా కదల్లేదు.

గురువారం పదిన్నరకి బంట్రోతు పరుగున వచ్చాడు. "అమ్మా, బెంచీలు చాలట్లేదు!"

నలభై ఒక్కరూ ఒకేసారి వచ్చారు. వరండా నిండి, మెట్ల మీద కింది అంతస్తు దాకా కూర్చున్నారు. తమను ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నందుకు కొంచెం సిగ్గుపడుతున్నారు. గుండీలు కుట్టే ఆవిడ తన పంక్తులు రెండుసార్లు చదువుకుని, "నా గురించి ఇంత ఉందా!" అంది. కొత్త జంట ఒకే కలంతో సంతకాలు పెట్టారు.

డ్రైవరు చిట్టచివర వచ్చాడు. యాభై దాటిన మనిషి, యూనిఫాం గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. ఆవిడ కాగితం అతని ముందుకు జరిపింది. "ఇరవై ఆరేళ్లు రైళ్లు నడిపారు. ఒక్క మచ్చ లేని ఉద్యోగం. విధి నిర్వహణలో మరణించారు."

"సరిగ్గా ఉందాండీ?" అంది ఆవిడ. ఇంకో మాట అడగడానికి వీల్లేదు.

అతను మూడుసార్లు చదివాడు. కలం తీశాడు. మళ్లీ పెట్టేశాడు.

"మా అమ్మాయి ఇంజను నడపడం నేర్చుకోవడానికి చేరింది," అన్నాడు ఉన్నట్టుండి. "వాళ్ల క్లాసులో నా పేరు చెప్పుకుంటుందట. రేపు రావచ్చా?"

"రేపు సాయంత్రం ఐదింటికి ప్రెస్సుకు పంపేస్తామండీ."

తల ఊపి బయటికి వెళ్లాడు. మెట్ల మీద చాలామంది ఇంకా కదల్లేదు. వెళ్లాల్సిన చోటుకి తొందరేముంది అన్నట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. అతను వాళ్ల మధ్యలోంచి దిగలేక మెట్టు మీదే నిలబడిపోయాడు. గుండీలు కుట్టే ఆవిడ అతని యూనిఫాం చూసింది.

"బండి నువ్వే కదూ నడిపింది?"

"అవునమ్మా."

"బాగానే నడిపేవాడివి నాయనా. నేను పన్నెండేళ్లు ఆ బండిలోనే పోయొచ్చాను. ఆ రోజు మాత్రం ఏమైంది?"

మెట్ల మీద అందరూ ఇటు తిరిగారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. అందరికీ తెలుసుకోవాలని ఉంది, అంతే. గుమ్మంలో నిలబడిన అచ్చుతప్పులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. డ్రైవరు "జరగండమ్మా," అని మాత్రం అని, వాళ్లు ఇచ్చిన కాస్త సందులోంచి దిగి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. శుక్రవారం మూడైంది, నాలుగైంది. పెద్దాయన ఊరికే గది ఆ మూల నుంచి ఈ మూలకి నడుస్తున్నాడు. నాలుగున్నరకి ప్రెస్సు మనిషి వచ్చి కూర్చున్నాడు.

ఐదుకు పావు తక్కువగా డ్రైవరు వచ్చాడు. "ఇంటికెళ్లి చూసొచ్చాను," అన్నాడు. "పిల్ల పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. నేను దాని కంటికి కనబడను కదా, పక్కనే నిలబడి చదివాను. రేపు అది బండెక్కితే ఎంతమంది దాన్ని నమ్ముకుని కూర్చుంటారో!"

ఆవిడ ఎర్రసిరా పెన్ను అడిగి తీసుకున్నాడు. ఉన్న మూడు పంక్తులూ కొట్టేసి, పైన తన చేత్తో రాశాడు.

"ఆ సాయంత్రం దీపం అసలు వెలగలేదు. వెలగని దీపం దగ్గర బండి ఆపాలి. ఆలస్యమైందని నేను ఆపలేదు."

కింద సంతకం పెట్టి, పెన్ను మూత జాగ్రత్తగా బిగించి ఇచ్చాడు. "మూడే కదా పంక్తులు? సరిపోయాయి."

ఆవిడ లేచి రెండు చేతులూ జోడించింది. పెద్దాయన ఆ కాగితం చదివి, పుస్తకం ముందు సగంలోని ఆగస్టు వాక్యం తనే తీసి, "సిగ్నల్ ఉద్యోగి పొరపాటు వల్ల" అన్న మాటలు కొట్టేసి ప్రెస్సు మనిషి చేతిలో పెట్టాడు.

జనవరిలో వకీలు ఆ పేజీని న్యాయమూర్తి ముందు ఉంచాడు. దీపాల మరమ్మతు పుస్తకం తెప్పిస్తే, ఆ స్తంభం మీద పచ్చ వెలుగుతోంది గానీ ఎర్ర దీపం వెలగడం లేదని జూలై నుంచి మూడు ఫిర్యాదులు బయటపడ్డాయి. ఒక్కదాన్నీ ఎవరూ పట్టించుకోలేదు. దీపం వెలగలేదంటే అతను వేసింది ఎర్రే అని తేలి తమ్ముడిని వదిలేశారు.

వదిలేశారు గానీ అతను పూర్తిగా ఇంటికి వచ్చినట్టు లేదు. కిటికీ పక్కన కూర్చునేవాడు. ఎవరు పలకరించినా, "నేను ఎర్ర దీపమే వేశానండీ," అని మొదలుపెట్టేవాడు. కాఫీ ఇచ్చిన అక్కతోనూ అదే, నీళ్లు పోసే మనిషితోనూ అదే. వాళ్లు "తెలుసులే" అనేవాళ్లు. అతనికి ఆ మాట ఎక్కేది కాదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ట్రైనింగు యూనిఫాంలో ఒక అమ్మాయి ఆఫీసుకి వచ్చింది. ఆ ప్రూఫు అసలు కాగితం ఒకసారి చూడొచ్చా అని అడిగింది. అచ్చుతప్పులమ్మకు ఆమె ఎవరో అర్థమైంది. ఫైలు తెచ్చి ముందుంచింది. అమ్మాయి ఆ ఎర్ర అక్షరాల మీద వేలు ఆనించకుండా, కొంచెం పైనే పెట్టి చివరిదాకా చదివింది.

"క్లాసులో ఎవరైనా ఏమైనా అన్నారా తల్లీ?" అంది ఆవిడ ఉండబట్టలేక.

"అన్నారు. ఏడ్చాను. నాన్న మీద కోపం కూడా వచ్చింది." ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు వెలగని దీపం పాఠం మా మాస్టారు నాచేత చెప్పిస్తున్నారు. ఆ సిగ్నల్ ఆయన అక్క మీరేనని పేపర్లో చదివాను. మీ తమ్ముడుగారు ఎలా ఉన్నారు?"

ఆవిడ దాచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"నేను ఒకసారి కలవొచ్చా అత్తయ్యా?"

ఆవిడ వెంటనే ఫైలు మూసేసింది. పెద్దాయన్ని అడిగి గంట ముందే బయలుదేరింది. ఇద్దరూ బస్సెక్కి, చివరి స్టాపులో దిగి, రెండు సందులు నడిచారు. తలుపు తమ్ముడే తీశాడు. అక్క పక్కన ఎవరో యూనిఫాంలో కనబడేసరికి అలవాటుగా మొదలుపెట్టాడు.

"అమ్మా, ఆ రోజు నేను..."

"ఎర్ర దీపమే వేశారు మావయ్యా," అంది ఆ అమ్మాయి. "నేను ఆ డ్రైవరు కూతుర్ని. మా నాన్న చెప్పారు."

అతను ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. తర్వాత తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరిగి, "లోపలికి రా తల్లీ," అన్నాడు. ఆగస్టు తర్వాత ఆ దీపం ఊసు లేకుండా అతను ఒకరితో మాట్లాడటం అదే మొదలు.