నిలబెట్టిన గోడ

హాతీబగాన్ ట్రాముదారి వెనక సందులో, మూతపడ్డ ప్రెస్సు గదిలో శనివారం సాయంత్రాలు మా బృందం కూడేది. ఎవరి ఫోటో వాళ్లు బల్లమీద పెట్టాలి, తక్కినవాళ్లు మంచీ చెడ్డా చెప్పాలి. అన్నీ పాత ఇళ్లే, పాత మెట్లే, పాత కిటికీలే. మాకు వేరే పిచ్చి లేదు.

ఆ ఆషాఢంలో మృణ్మయి మా పేటలోని కుండూల పాత ఇంటి ఫోటో తెచ్చింది. దుర్గాపూజల ముందు జరిగే ప్రదర్శనకి పంపాలని ఆమె ఆశ. అందరం మెచ్చుకున్నాం. పరితోష్ సామంత ఒక్కడే కళ్లజోడు తీసి దానిమీదికి వంగాడు.

"కింది నీడ బావుంది, ముద్ద కాలేదు. ఆకాశం రంగునే మరీ పెంచావు. ఆషాఢంలో కలకత్తా మీద అంత నీలం ఎక్కడిదమ్మా?"

నవ్వులు సద్దుమణిగాక మళ్లీ అడిగాడు. "కంప్యూటర్లో గోడలు సరిచేశావా?"

"చేశాను దాదా. కెమెరా పైకెత్తి తీస్తే ఇల్లు వెనక్కి పడినట్టు వస్తుందిగా."

"రెండు వైపులా ఒకేలా లాగావా?"

"ఎడమవైపు కాస్త ఎక్కువ లాగాల్సొచ్చింది."

"అంచున ఆ పక్కింటి గోడ చూడు. ఈ ఇంటిని నిలబెట్టావు, పక్కిల్లు పడబోతోంది."

మృణ్మయి ముఖం ఎర్రబడింది. "అయితే పక్కింటిని కోసేస్తా."

"కోయకు. సరిచేయని ఫోటో నాకోసారి పంపు."

ఆ చివరి మాట ఎవరికీ మింగుడుపడలేదు. పరితోష్ వాళ్ల అన్న పాత ఇళ్లు కొని, కూల్చి, ఫ్లాట్లు కట్టే ప్రొమోటరు. కుండూల ఇంటిమీద అతని కన్నుపడి చాలా కాలమైంది. ఇంటికి మిగిలిన ఒక్క దిక్కు కళ్యాణి. వీధంతా పిషీ అని, అంటే మేనత్తా అని, పిలిచే ఆ ముసలామె ఇల్లు అమ్మనని మొండికేసి కూర్చుంది.

బయటికొచ్చి బజ్జీలబండి దగ్గర నిలబడ్డప్పుడు మృణ్మయి నాతో అంది. "ఇల్లు ఒరిగినట్టు కనిపించే ఫోటో ఆయనకెందుకు? అన్న చేతికివ్వడానికి కాదూ? ప్రదర్శనలో అలాంటిది పెడితే ఊరంతా ఆ ఇల్లు కూల్చేయాల్సిందేనంటుంది."

"నీ ఫోటోలో తప్పు నిజంగానే ఉందేమో," అన్నాను.

"ఉంటే నేనే చూసుకుంటా. ఆయన కళ్లతో కాదు."

ఆమె ఫోటో పంపలేదు. ఎదుటి హోమియో డాక్టరుగారి మేడమీదికెక్కి, స్టాండు మీద కెమెరాను ఏమాత్రం పైకెత్తకుండా మట్టంగా పెట్టి మళ్లీ తీసింది. అలా తీస్తే నిటారుగా ఉన్నది నిటారుగానే వస్తుంది. పక్కిల్లు అలా నిటారుగానే వచ్చింది. కుండూల ఇల్లు మాత్రం కుడివైపుకి ఒరిగి ఉంది. కంప్యూటరు ముందు కూర్చుని తను ముచ్చటపడి నిలబెట్టింది ఆ ఒరుగునే.

మర్నాడు నన్ను తోడు తీసుకుని పిషీ దగ్గరికి వెళ్లి, ఇల్లు ఒరుగుతోందని చెప్పింది. పిషీ రెండు ఫోటోలూ చూసి, వాటిని బోర్లించి పెట్టింది.

"ఆ ప్రొమోటరు సామంత పంపాడా నిన్ను?"

"లేదు పిషీ. నేనే వచ్చాను."

"వాళ్లూ అదే అంటారు. గోడ పడిపోతుంది, మీ మంచికే చెబుతున్నాం అని. నీకు ఫ్లాటిస్తానన్నాడా, కెమెరానా?"

మృణ్మయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొన్న తను పరితోష్‌ని అనుమానించినట్టే ఇవాళ పిషీ తనని అనుమానిస్తోంది. ఏం చెప్పినా ఆ ప్రొమోటరు మాటలాగే వినిపిస్తుంది.

"ఇల్లు అమ్మొద్దు పిషీ. ఆ కుడి గదిలో పడుకోకండి, చాలు. మేస్త్రీని కూడా మీకు తెలిసినవాణ్నే పిలవండి."

అమ్మొద్దన్న మాటకి పిషీ తలెత్తింది. ఫోటో తిప్పి, కుడి గది కిటికీ మీద వేలు పెట్టింది. "వానలు మొదలైనప్పట్నుంచీ ఈ రెక్క మూసుకోవడం లేదు. చెక్క ఉబ్బిందనుకున్నా."

ఆ వారమే మంచం ఎడమ గదిలోకి మారింది. పిషీకి తెలిసిన మేస్త్రీ కుడి గోడకి సరుగుడు దుంగలు ఆనించాడు. భాద్రపదంలో మూడురోజుల ముసురుకి కుడి మూల పైభాగం కూలి, మంచం ఉండే చోటే పడింది. దుంగలు తక్కిన గోడని ఆపాయి. పిషీ గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరికీ టీ ఇచ్చింది.

మర్నాడే ప్రొమోటరు కారు సందులోకొచ్చింది. పిషీ తలుపు తీయలేదు. మృణ్మయి నేరుగా పరితోష్ దగ్గరికి వెళ్లింది.

"మీ అన్నకి ఎవరు చెప్పారు?"

"కూలిన చప్పుడు బాగ్‌బజార్ దాకా వినిపించింది. ఒకరు చెప్పాలా?"

"ఇల్లు ఒరిగిందని తెలిసి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఈ సామంత ఇంటిపేరు పెట్టుకుని నేను చెబితే పిషీ నమ్మేదా? నువ్వే నమ్మలేదు. అయినా నాక్కూడా అనుమానమే. అందుకే ఫోటో అడిగాను."

అందులో నిజమెంతో ఆమె తేల్చుకోలేకపోయింది. ఒరిగిన ఇంటి ఫోటోని ఆకాశం బూడిదరంగులోనే ఉంచి ప్రదర్శనకి పంపింది. పక్కింటిని కోయలేదు. పరితోష్ ఆ శనివారం దాని ఇంకో ప్రింటుని చాలాసేపు చూసి, "ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాడు. మృణ్మయి థాంక్స్ చెప్పి, అతను ఇమ్మని అడగకముందే ఫోటో సంచిలో పెట్టేసుకుంది.